నీళ్ళొచ్చే వేళకు: ముక్త్యాల నుంచి బెజవాడకు పడవలో

ధనుర్మాసం మొదట్లో ముక్త్యాల రేవుకి పడవ బేరానికి వెళ్ళాం. మెట్ల మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మేం చెప్పిందంతా విని, "పడవదేముందమ్మా, అది ఇక్కడే ఉంటది. నీళ్ళెప్పుడొస్తయ్యో అది కనుక్కోండి ముందు" అన్నాడు. నా కళ్ళకి కృష్ణ ఎదురుగా నిండుగానే ఉంది. ఏట్లో నీళ్ళుండగా నీళ్ళెప్పుడొస్తాయో కనుక్కోవడం ఏమిటో ఆ రోజు నాకు బోధపడలేదు.

మాది గుంటూరు. మావారు ఆర్టీసీ డ్రైవరుగా ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయ్యారు. అందులో ఎక్కువ కాలం గుంటూరు - విజయవాడ సర్వీసే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఆయనకు నైట్ డ్యూటీలు, నాకు పొద్దున్నే బడి. ఒకే ఇంట్లో ఉండి చీటీలు రాసుకుని ఫ్రిజ్ మీద అంటించుకున్న సంవత్సరాలు కూడా ఉన్నాయి. రిటైరైన కొత్తలో ఒక రాత్రి అన్నం తింటూ ఆయన అన్నారు: "రోజుకి నాలుగుసార్లు కృష్ణ దాటాను. ఎప్పుడూ అడ్డంగానే దాటాను. ఒక్కసారి పొడుగునా వెళ్ళాలని ఉంది."

ఆ మాట నా మనసులో దిగబడిపోయింది. మా అమ్మమ్మగారిది దుగ్గిరాల దగ్గర పల్లె. దుగ్గిరాల లాకుల దగ్గర పడవలు వరసకట్టి ఆగేవని, తలుపులు మూసి నీళ్ళు నింపి పడవను పైకి లేపేవాళ్ళని, గట్టు మీద మనుషులు భుజానికి మోకు వేసుకుని లాగుకుంటూ పోయేవాళ్ళని ఆమె చెప్పగా విన్నదాన్ని. 1855లో బెజవాడ దగ్గర పాత ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగుకే కాదు, పడవలకు కూడా. ఏలూరు కాలువ పట్టుకుంటే గోదావరికి, కొమ్మమూరు కాలువ పట్టుకుంటే బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు దాకా సరుకు నీళ్ళ మీదే వెళ్ళేది. అందుకని మొదట కాలువలోనే వెళదామనుకున్నాం. ఒక ఆదివారం స్కూటర్ మీద గట్టు వెంబడి తిరిగి చూశాం. మనిషి తల వంచినా పడవ పట్టనంత కిందకి కొత్త వంతెనలు, వాటి మధ్య గడ్డ కట్టిన గుర్రపుడెక్క. అమ్మమ్మ చెప్పిన దారి మూసుకుపోయిందని ఆ రోజే తేలిపోయింది. అప్పుడు నది గురించి ఆలోచించాం.

2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఈ పాత కాలువలతో పాటు గోదావరి, కృష్ణ కూడా ఉన్నాయి. అందులో మొదటి దశగా తీసుకున్నది ముక్త్యాల నుంచి విజయవాడ వరకు, 82 కిలోమీటర్లు. కాగితం మీద మార్గం ఉంది కదా, మనమూ వెళదాం అనుకున్నాం.

అనుమతుల కోసం పదకొండు రోజులు తిరిగాం. ఒక ఆఫీసులో టూరిజం బోటెక్కమని చెప్పి పంపేశారు. ఇంకో ఆఫీసులో అర్జీ తీసుకున్నారు కానీ అది ఏ సెక్షన్‌కి వెళ్ళాలో రెండు రోజులు తేల్చలేదు. నాకు విసుగొచ్చింది, కానీ తప్పు పట్టలేను. 2017 నవంబరులో కృష్ణ మీద పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదాల తర్వాత పడవ అంటేనే అందరికీ భయం. వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు చూడాల్సింది పడవకి రిజిస్ట్రేషన్ ఉందా, ఎంతమందికి అనుమతి ఉంది, తలకొక లైఫ్ జాకెట్ ఉందా అన్నది. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఇవి తప్పనిసరి. ముక్త్యాల పెద్దాయనది వేట పడవ, మమ్మల్ని ఎక్కించుకోకూడదు. ఆయన మేనల్లుడి పడవకి నంబరుంది. ఇరవై నాలుగు అడుగుల చెక్క పడవ, డీజిల్ ఇంజను, మధ్యలో ఇనుప కమ్మీల మీద టార్పాలిన్ పందిరి. మూడు రోజులకు డీజిల్‌తో కలిపి 16,000 అన్నాడు, ఒప్పుకున్నాం. పెద్దాయన కూడా వస్తానన్నాడు. దారి ఆయనకే తెలుసు. ఏ రోజు ఎక్కడుంటామో కాగితం రాసి రెండు పోలీసు స్టేషన్లలో ఇచ్చి వచ్చాం.

మావారు ఒక వెదురు గెడ కొన్నారు. పన్నెండు అడుగులు. టేపు పెట్టి కొలిచి, అడుగు అడుగుకీ కరెంటు పనికి వాడే ఎర్ర టేపు చుట్టారు. ఆరో అడుగు దగ్గర నల్ల టేపు. "నువ్వు లెక్కల టీచరువి, లోతు కొలిచి రాస్తూ ఉండు" అని నా చేతికిచ్చారు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా" అని మాత్రం అన్నాడు.

2025 జనవరి, సంక్రాంతి వెళ్ళిన రెండో వారం. పొద్దున ఏడింటికి బయల్దేరదామని రేవుకొచ్చాం. మంచు విడిచింది, ఎండొచ్చింది, మేం మెట్ల మీదే కూర్చున్నాం. అప్పుడు పెద్దాయన చెప్పాడు. పైన పులిచింతల ఉంది. 2013 డిసెంబరులో ప్రారంభించారు, 45.77 టీఎంసీలు పట్టే జలాశయం. వానాకాలం వెళ్ళాక ఏట్లో పారేది చాలావరకు అక్కడ వదిలిన నీళ్ళే. కింద డెల్టాకు కావలసినప్పుడు వదులుతారు. వదిలే నీళ్ళతోనే కరెంటు తీస్తారు, అందుకని కరెంటు వాడకం ఎక్కువున్న పూట యూనిట్లు, అంటే కరెంటు తీసే యంత్రాలు, నడుస్తాయి. యూనిట్లు నడిస్తే ఏరు లేస్తుంది, ఆపితే దిగుతుంది. "ఇదివరకు మబ్బు చూసి బయల్దేరేవాళ్ళం. ఇప్పుడు ఫోన్ చూసి బయల్దేరతన్నాం" అన్నాడు.

"అంటే ఏటికి కూడా టైం టేబులుందన్నమాట" అన్నారు మావారు. ఆ మాటకి ఆయన ముఖం డిపోలో డ్యూటీ చార్టు చూసేటప్పటిలా మారడం నేను చూశాను.

పెద్దాయన మూడు గులకరాళ్ళు ఏరి, నీళ్ళకు పైనున్న మెట్టు మీద ఒకటి, దాని పై మెట్టు మీద ఒకటి, ఆ పై మెట్టు మీద ఒకటి పెట్టాడు. పది గంటలకు ఎవరో ఫోన్ చేశారు. నేను రాళ్ళవైపే చూస్తూ కూర్చున్నాను. నీళ్ళు పెరుగుతున్నట్టు అసలు కనిపించలేదు. మొదటి మెట్టు అంచు తడిసింది. రాయి కింద ఉన్న పొడి దుమ్ము ముదురు రంగుకి మారింది. ఒక చీమ ఆ రాయెక్కి చుట్టూ తిరిగి ఇటు పక్కకి దిగలేక ఆగిపోయింది. నేను పుల్ల అందించి దాన్ని పైకి తీసేసరికి రాయి సగం మునిగింది. చప్పుడు లేదు, అల లేదు. మూడో రాయి మునిగేసరికి పదకొండున్నర. "ఎక్కండి" అన్నాడు పెద్దాయన.

ఎదుటి ఒడ్డు మాదిపాడు. రేవు దాటిన కాసేపటికి ఆయన ఇంజను తగ్గించమన్నాడు. 2021 డిసెంబరులో ఇక్కడే వేదపాఠశాల పిల్లలు ఐదుగురూ, వాళ్ళ గురువుగారూ స్నానానికి దిగి మునిగిపోయారు. చలికాలం, ఇసుక కనిపించేంత తేట నీళ్ళు. చూస్తే భయమే వెయ్యదు. నేను గెడ దించాను. మూడు అడుగులు. రెండు బారలు ముందుకెళ్ళాక మళ్ళీ దించాను, మూడు. ఇంకొంచెం ముందుకెళ్ళి దించితే గెడ మొత్తం వెళ్ళిపోయింది, నా మోచెయ్యి కూడా తడిసింది, నేల తగల్లేదు. పక్కనున్న నీళ్ళకీ ఆ నీళ్ళకీ రంగులో తేడా లేదు. గెడ పైకి లాగాక నా చేతులు వణుకుతున్నాయి. మావారు వచ్చి నా జాకెట్ బకిల్ పెట్టుకున్నానో లేదో చూసి వెళ్ళారు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఏటి ఒడ్డున ఆగి పిల్లల్ని స్నానానికి దించే అమ్మానాన్నలకి ఆ గెడ ఒక్కసారి చేతికిస్తే బాగుండుననిపించింది.

వేదాద్రిలో ఆగాం. యోగానంద నరసింహస్వామి గుడి ఏటి ఒడ్డునే. దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం పొట్లాలు తెచ్చుకుని పడవలో తిన్నాం. ఆడవాళ్ళు ఎవరైనా ఇలా వెళితే చెబుతున్నాను, బాత్రూం సంగతి ఆలోచించుకుని గుళ్ళున్న రేవుల్లోనే ఆగండి, మధ్యలో ఎక్కడా వీలు దొరకదు.

అక్కడి నుంచి కుడి ఒడ్డున చింతపల్లి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మారకముందు ఉన్న ఊరు. పడవలోంచి మాకు కనిపించింది మాత్రం చెట్లు. ఏటి మీదికి వంగిన తుమ్మ కొమ్మల్లో, మా తలల కంటే చాలా పైన, చీరల పేలికలు, ఎరువు సంచులు, ఒక చిన్నపిల్లల కుర్చీ వేలాడుతున్నాయి. అంతకుముందు సెప్టెంబరు వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ లేనంత. మేమిప్పుడు అడుగున్నర మునిగే పడవని రెండడుగుల నీళ్ళలో నెట్టుకుంటూ పోతున్నాం. ఆ కుర్చీని తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టింది.

నేను "రెండున్నర... రెండుంబావు... మూడు" అని అరుస్తుంటే పెద్దాయన ఒకసారి వెనక్కి తిరిగి, "అడుగుల్లో చెప్తే నాకు తెలవదమ్మా. మోకాల్లోతా, నడుం లోతా, నిలువా, అట్టా చెప్పండి" అన్నాడు. అప్పట్నుంచి అలాగే చెప్పాను. నోట్సులో అడుగులు రాసుకుని నోటితో మోకాలు, నడుము, నిలువు, నిలువున్నర. సాయంత్రానికి నాకు గెడ దించకముందే నీటి పైన ముడతలు చూసి మోకాల్లోతో నడుం లోతో తెలియడం మొదలైంది. ముడతలు దగ్గరదగ్గరగా పరిగెత్తుతుంటే కింద ఇసుక మేట. నీరు నున్నగా, కాస్త బరువుగా కదులుతుంటే నడుం పైన. ముప్పై ఏళ్ళు బోర్డు మీద లెక్కలు చేయించాను. చేత్తో ముట్టుకుని నేర్చుకున్న లెక్క నాకిదే మొదటిది.

మొదటి రాత్రి ఇసుక తిన్నె మీద పడుకుందామని మావారి సరదా. తెల్లటి ఇసుక, చుట్టూ నీళ్ళు. పెద్దాయన ససేమిరా అన్నాడు. తెల్లవారుజామున యూనిట్లు వేస్తే తిన్నె మునుగుతుందట. కుడి ఒడ్డున గట్టెక్కితే మిర్చి కళ్ళం కనిపించింది. ఎకరంన్నర మేర ఎర్రగా పరిచి ఉంది. కాపలా ఉన్న రైతు, ఆయన భార్య మమ్మల్ని చూసి ముందు కంగారుపడ్డారు, తర్వాత నవ్వుకున్నారు. "ఈ వయసులో పడవేంటి వదినా!" అంది ఆవిడ. పొయ్యి ముట్టించి మా బియ్యం వాళ్ళ గిన్నెలోనే పెట్టింది. పడవాయన పట్టిన జెల్లల పులుసు, మా ఇంటినుంచి తెచ్చిన అరిసెలు. కాయల మీద మంచు పడకుండా పట్టాలు కప్పడానికి మేం నలుగురం కూడా చెయ్యేశాం. ఆ ఘాటుకి నాకు దగ్గు ఆగలేదు. ఆవిడ బెల్లం ముక్క బుగ్గన పెట్టుకోమంది. రాత్రి స్వెట్టరు, మంకీ క్యాపు, రెండు దుప్పట్లు వేసుకున్నా తెల్లారేసరికి దుప్పటి పిండితే నీళ్ళొచ్చాయి. వెళ్ళేవాళ్ళు తప్పకుండా ఇంకో టార్పాలిన్ తీసుకెళ్ళండి.

తెల్లారి గట్టు దిగితే పడవ ఇసుక మీద పక్కకి ఒరిగి ఉంది. రాత్రి యూనిట్లు ఆపేశారు. నీళ్ళు ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి. మోకు మాత్రం మేం కట్టిన మొద్దుకి అలాగే ఉంది. మేం నలుగురం, రైతు, ఆయన తమ్ముడు, ఆరుగురం కలిసి నెట్టినా అంగుళం కదల్లేదు. నాకు నిజంగా టెన్షన్ మొదలైంది. ఆ పూట అమరావతి చేరకపోతే పోలీసు స్టేషన్లో ఇచ్చిన కాగితం, ఫోన్ కోసం చూస్తుండే పిల్లలు, ఇలా ఏవేవో. పెద్దాయన బీడీ వెలిగించుకుని, "నెట్టేది మనం కాదులెమ్మా, నీళ్ళే నెడతయ్" అని పడవ నీడలో కూర్చున్నాడు.

నాలుగున్నర గంటలు కూర్చున్నాం. మంచు ఏటి మీద తెరలా ఉండి ఎదుటి ఒడ్డు లేనే లేదు. ఒక నీటికాకి కొయ్యమోడు మీద రెక్కలు విప్పుకుని ఎండ కోసం నిలబడింది, మాలాగే. ఆ మంచులో మావారు నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. ఒక జనవరి తెల్లవారుజామున ఇలాంటి మంచులోనే వారధి మీద బస్సు నడుపుతుంటే ముందు చక్రం ఎక్కడుందో కనిపించలేదట. వెనక యాభైమంది నిద్రపోతున్నారు. బండి ఆపడానికి లేదు, వెనకనుంచి లారీ గుద్దుతుంది. కిటికీలోంచి తల బయటపెట్టి రెయిలింగు చూసుకుంటూ అవతలి ఒడ్డు చేరారట. "ఇంటికొచ్చి నిద్రపోయాను. నువ్వు బడికెళ్ళిపోయావు. సాయంత్రానికి చెప్పాలనిపించలేదు" అన్నారు. అది ఏ సంవత్సరమని అడిగితే మా పెద్దమ్మాయి పదో తరగతి చదివే సంవత్సరం అన్నారు. ఆ రోజు నేనేం చేశానో గుర్తుచేసుకోవడానికి ఎంత ప్రయత్నించినా గుర్తురాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

పదకొండు దాటాక పడవ కింద ఇసుక మెత్తబడింది. వొరిగిన పడవ తనంతట తనే నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు చేసి నిటారుగా లేచింది.

ఆ రోజు ప్రయాణం ఆపకుండా చేశాం కాబట్టి చెప్పుకోవడానికి తక్కువ. ఎడమ ఒడ్డున గుడిమెట్ల కొండలు. వానలు పడితే వజ్రాల కోసం జనం వెతుక్కునే కొండలివే. కోహినూరు దొరికిందని చెప్పే కొల్లూరు గనులు మాత్రం మాకు ఎగువన పులిచింతల నీళ్ళ కింద ఉన్నాయి. ఆ తర్వాత మున్నేరు కలిసే చోటు. వరదల్లో ఊళ్ళకి ఊళ్ళని ముంచే ఏరు, ఆ రోజు నడుం లోతు కూడా లేదు. పొద్దు వాలుతుండగా ముందు ధ్యానబుద్ధుడి తల, తర్వాత భుజాలు చెట్ల పైన కనిపించాయి. 125 అడుగుల విగ్రహం. రోడ్డు మీద నుంచి చాలాసార్లు చూశాను కానీ, నీటి మీద నుంచి దగ్గరవుతుంటే అది దారి చూపే గుర్తులా ఉంది. పెద్దాయన కూడా దాన్ని చూసే పడవ తిప్పాడు.

అమరేశ్వరుడి ఘాట్‌లో దిగాం. లాడ్జిలో వేడినీళ్ళ స్నానం చేశాక మనిషినయ్యాను. అన్నం తిన్నాక మావారు అమరావతి పక్కనే ఉన్న ధరణికోట గురించి అడిగారు. నాకు తెలిసింది చెప్పాను. 1960లలో అక్కడ తవ్వితే పడవలొచ్చే కాలువ, దాని పక్కన మొదట కర్రతో, తర్వాత ఇటుకతో కట్టిన రేవు బయటపడ్డాయి. శాతవాహనుల కాలంలో వాడుకలో ఉన్నవి. అంటే సరుకు దింపుకోవడానికి పడవలు వచ్చి కట్టిన చోటికి దగ్గర్లోనే మా పడవ కూడా ఆ రాత్రి కట్టి ఉంది. మహాస్తూపం పలకల్లో కొన్ని మచిలీపట్నానికీ మద్రాసుకీ వెళ్ళి, అక్కణ్ణుంచి కొన్ని లండన్ చేరాయి. రేవు మాత్రం మట్టిలో ఇక్కడే మిగిలింది. ఆయన, "అప్పుడు వాళ్ళకి నీళ్ళెవరు వదిలేవాళ్ళు?" అన్నారు. ఎవరూ వదిలేవాళ్ళు కాదు, వాటంతట అవే వచ్చేవి. కానీ వేసవిలో వాళ్ళూ మాలాగే ఇసుక మీద కూర్చునే ఉంటారని నా ఊహ.

మూడో రోజు వైకుంఠపురం దాటాక నది మారిపోయింది. అక్కడ కృష్ణ ఉత్తరానికి తిరిగి పారుతుంది, ఉత్తరవాహిని అని స్నానాలకొస్తారు. ఆ వంపు దాటాక నీటి పైన ముడతలు పోయాయి. ఇంజను ఆపితే పడవ ముందుకి వెళ్ళడం లేదు, ఉన్నచోటే ఉంది. బెజవాడ బ్యారేజీ ఎత్తిపట్టిన నీళ్ళు ఇక్కడి దాకా వచ్చి నిలబడ్డాయన్నమాట. నా గెడకి నిలువు, తర్వాత నల్ల టేపు మునిగి నిలువున్నర, మధ్యాహ్నానికి చాలాచోట్ల నేల అందడమే మానేసింది. కుడివైపు ఉద్దండరాయునిపాలెం. 2015 అక్టోబరులో రాజధానికి శంకుస్థాపన జరిగిన ఊరు. అటువైపంతా క్రేన్లు కనిపించాయి. ఎడమవైపు ఇబ్రహీంపట్నం థర్మల్ చిమ్నీలు.

అక్కడే గుర్రపుడెక్క పట్టుకుంది. దూరం నుంచి పచ్చటి పొలంలా ఉంటుంది, ఊదారంగు పూలు కూడా ఉన్నాయి. ఇంజను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. మేనల్లుడు కొడవలి పట్టుకుని వెనక వేలాడుతూ ఫ్యానుకి చుట్టుకున్నది కోయడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి తీసిన గుప్పెళ్ళు అందుకున్నాను. కాడలు స్పాంజిలా, పైన నున్నగా ఉన్నాయి. వేళ్ళు మాత్రం నల్లగా, తడిసిన జుట్టులా, ఒక్కో వేరుకి వందల పీచులు. వాటిలో చిటికెన వేలిగోరంత నత్తలు, డీజిల్ వాసన. గంట పట్టింది. కాలువలో అమ్మమ్మ దారిని మూసేసింది ఇదే. నదిని కూడా ఇది ఒక చివర నుంచి తినుకుంటూ వస్తోందనిపించి బెంగగా అనిపించింది.

పవిత్ర సంగమం దగ్గర పెద్దాయన అందరి జాకెట్లూ మళ్ళీ చూశాడు. 2017 నవంబరు 12న ఇక్కడే, అనుమతి లేని బోటు తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు పోలవరం కుడి కాలువలో వచ్చి కృష్ణలో కలిసిందీ ఇక్కడే. మావారు చెప్పులు విప్పి, అంచు మీదకి వంగి దోసిలితో నీళ్ళు తీసుకున్నారు. ఒకసారి తల మీద చల్లుకున్నారు. ఇంకోసారి నా తల మీద. ముప్పై ఒక్క ఏళ్ళు పైనుంచి చూసిన నీళ్ళు.

వెస్ట్ బైపాస్ కొత్త వంతెన కింద నుంచి వెళ్ళేటప్పుడు ఆయన తలెత్తి స్తంభాలు లెక్కపెట్టుకున్నారు. భవానీ ద్వీపం పక్కగా వెళ్ళి, పొద్దుగూకకముందే భవానీపురం పున్నమి ఘాట్ చేరాం. అక్కడినుంచి కిందికి దూరంగా ప్రకాశం బ్యారేజీ డెబ్బై గేట్లు, దాని మీద స్కూటర్లు, ఆటోలు. అంతకుమించి పడవ వెళ్ళదు. ఆఖరుసారి గెడ దించాను. నేల అందలేదు. నోట్సులో ఆఖరి గడిలో అంకె లేదు, "అందలేదు" అని రాసుంది.

గెడని పెద్దాయనకే ఇచ్చేశాం. వద్దంటూనే తీసుకుని పడవలో జాగ్రత్తగా పొడుగునా పడుకోబెట్టాడు. ఆ రాత్రి మేం బస్సులో గుంటూరు వచ్చేశాం. వాళ్ళు మర్నాడు ఎదురు నీళ్ళలో బయల్దేరారు.

రెండో రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. మున్నేరు దాటాక పడవ కూర్చుందట. యూనిట్లు నడవడం లేదు, మోకాల్లోతు కూడా లేదు, ఇసుక మీదే వండుకుంటున్నారట. మావారు ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున లేచి తనకి తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి నీళ్ళెప్పుడు వదులుతారని అడుగుతూ కూర్చున్నారు. ఆయనకది ఇప్పటికీ అలవాటుగా ఉండిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ ఫోనొచ్చింది. స్పీకర్ పెట్టారు. ఇంజను చప్పుడులోంచి పెద్దాయన గొంతు: "నీళ్ళొచ్చినయ్ డ్రైవరుగారూ. అమ్మగారికి చెప్పండి, ఇప్పుడు నడుం లోతుంది."